బస్సులో పోయిన దిక్కులు

పెళ్లయి మర్రిగూడ వైపున్న అత్తగారి ఊరికి వచ్చిన రోజున నార్కట్‌పల్లిలో బస్సెక్కగానే నిద్రపోయాను. పెళ్లి అలసట. మబ్బు పట్టిన సాయంత్రం, ఎవరో తట్టి లేపితే దిగాను. తెల్లారి చూస్తే సూర్యుడు పడమట పొడిచాడు!

తప్పు సూర్యుడిది కాదని తెలుసు, కానీ ఒళ్లు నమ్మదే. రామన్నపేటలో, మా పుట్టింట్లో, కళ్లు మూసుకుని కూడా ఉత్తరం చూపించేదాన్ని. ఇక్కడ అంతా తారుమారు. పైగా ఆ ఇంట్లో కుడి, ఎడమ అన్న మాటే లేదు. "పడమటి అర్రల చాట ఉన్నది, తే బిడ్డా" అని అత్తమ్మ అంటే తూర్పు గదిలోకి వెళ్లి, అక్కడ కునుకు తీస్తున్న మామయ్యను చూసి పరుగున బయటికి వచ్చేదాన్ని. అన్నాల దగ్గర "జర ఉత్తరానికి జరుగు" అంటే ఆడబిడ్డ ఒళ్లో కూర్చున్నంత పని చేశాను. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వి, పెరట్లోకి పోయి ఏడ్చేదాన్ని.

ఒకరోజు అత్తమ్మ నా వెనకే అక్కడికి వచ్చింది.

"ఏమైంది బిడ్డా? ఎవలన్న ఏమన్న అన్నరా?"

"లేదత్తమ్మా. నాకు పొద్దు పడమటనే పొడుస్తున్నట్టున్నది."

ఆమె నవ్వలేదు. "వచ్చేటప్పుడు బస్సుల పండుకున్నవా?"

"పండుకున్న."

"గంతే! తొవ్వ సూడకుంట వచ్చినవ్. మల్ల పోయి, మేలుకొని వద్దాం పా."

మర్నాడు పొద్దున్నే ఇద్దరం మంచి చీరలు కట్టుకుని నార్కట్‌పల్లి వెళ్లాం. అక్కడ మాకు ఏ పనీ లేదు. గాజులు వేయించుకున్నాం. రోడ్డు పక్కన మిరపకాయ బజ్జీలు తిని చాయ్ తాగాం. హైదరాబాదు పోయే లారీల మీది బొమ్మలు చూస్తూ అత్తమ్మ లేవనే లేవదు.

పొద్దు వాలాక, తిరుగు బస్సులో నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టింది. "పండుకుంటే గిచ్చుత" అంది. ఎండ నా కుడి చెంప మీద పడుతోంది. "గిప్పుడు దక్షిణం పోతున్నం." కొంతదూరం పోయాక బస్సు మలుపు తిరిగింది. ఎండ సూటిగా డ్రైవరు మొహాన కొట్టింది. "గిది పడమర, సూడు" అని ఆమె అంటుండగానే నా తలలో ఏదో గిర్రున తిరిగింది. చేలు, గుట్టలు, రోడ్డు, అన్నీ ఎక్కడివక్కడ కుదురుకున్నాయి.

"దొరికినయ్ అత్తమ్మా!" అని అరిచాను. ఏం పోయి దొరికిందోనని బస్సులో అందరూ కాళ్ల కింద వెతుక్కున్నారు.

ఇంటికొచ్చేసరికి మామయ్య అరుగు మీదున్నాడు. "పొద్దుగాల అనంగ పోయిండ్రు, యాడికి?"

"కోడలు దిక్కులు బస్సుల మర్చిపోయింది. తెచ్చుకునేతందుకు పోయినం" అంది అత్తమ్మ.

మామయ్య మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. మాకు నవ్వు ఆగలేదు. అత్తమ్మ కొంగు చాటు నుంచి బజ్జీల పొట్లం తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన పొట్లం విప్పి ఒక బజ్జీ కొరికాడు.