మొగుడి పేరు చెబితేనే తెరుచుకునే క్లాసు

శామీర్‌పేట అనగానే అందరూ చెరువు చూసొచ్చారా, జింకల్ని చూసొచ్చారా అని అడుగుతారు. నేను రెండూ చూడలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక వెబ్‌సైటుతో పోట్లాడి వచ్చాను.

నేను పచ్చళ్ళు, వేపుళ్ళు శుభ్రంగా చేసి అమ్ముకోవడం ఎలాగో ఆడవాళ్ళ సంఘాలకు నేర్పే టీచర్ని. పుట్టింది గోదావరి వైపు, కాపురం అల్వాల్‌లో. నల్లబల్ల, సుద్దముక్క, నా గొంతు, ఈ మూడింటితోనే ఇన్నేళ్ళూ లాక్కొచ్చాను. ఈమధ్య మా మేడ్చల్ ఆఫీసుకి కొత్త మేనేజరుగారొచ్చారు. "మేడం, ఇంకా సుద్దముక్కా?" అని నవ్వారు. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించినట్టు, నా సర్వీసంత వయసు కూడా లేని మనిషి! శామీర్‌పేటలో యాదమ్మ సంఘానికి కొత్త వెబ్‌సైటుతో శిక్షణ ఇచ్చి రమ్మన్నారు.

యాదమ్మ సంగతి చెప్పాలి. చెరువులో చేపలు పట్టే ఇళ్ళలోని ఆడవాళ్ళు పన్నెండు మంది కలిసి సంఘం పెట్టుకున్నారు. యాదమ్మ దానికి లీడరు. రోడ్డు పక్కన నడినెత్తిన ఎండ పెట్టుకుని వేయించిన చేపలు అమ్ముతుంది. చెరువు దగ్గర నీడపట్టున ఒక స్టాలు వీళ్ళకి ఇస్తామన్నారు. కాకపోతే సంఘంలో ప్రతి ఒక్కరూ పరిశుభ్రత పరీక్ష పాసవ్వాలి, అది కూడా ఆరోజు సాయంత్రం నాలుగు లోపల. లేకపోతే స్టాలు వేరే సంఘానికి వెళ్ళిపోతుంది. పరీక్ష పెట్టేది ఈ వెబ్‌సైటే.

పొద్దున్న ఎనిమిది దాటాక అల్వాల్ స్టేషన్లో లోకల్ ఎక్కాను. టికెట్టు టీ కంటే చవక. ఈ లైనులో బళ్ళు తక్కువ కాబట్టి వెళ్ళేవాళ్ళు ముందే టైము కనుక్కోండి. పక్క సీట్లో గోదాములో పనిచేసే ఒకాయన కూర్చున్నాడు. ఒళ్ళో ఫోన్లో బరువులెలా ఎత్తాలో, ప్రమాదమొస్తే ఏం చేయాలో చెప్పే వీడియో దానిమానాన అది నడుస్తోంది, ఆయన కళ్ళు మాత్రం మూసుకుపోతున్నాయి.

"మేడం, రాత్రి పెండ్లిల నిద్ర లేదు. గుండ్లపోచంపల్లి రాంగనె లేపుతరా? గీ వీడియో మొత్తం నడిస్తెనే కంపెనీల సర్టిఫికెట్ ఇస్తరు. నడుమ నడుమ బటన్ ఒత్తమంటది, జర ఒత్తుండ్రి," అని ఫోను నా చేతికిచ్చి గురక పెట్టాడు.

టీచర్ని కదా, మహా ఉత్సాహంగా ఒత్తాను. బొల్లారం దాటాక ఒక ప్రశ్న వచ్చింది. గోదాములో పొగ కనిపిస్తే మొదట ఏం చేస్తారట. వంటింటి అనుభవం కొద్దీ "నీళ్ళు చల్లుతాను" అన్నదాని మీద నొక్కాను. తెరంతా ఎర్రబడి, మళ్ళీ మొదటినుంచి చూడమంది. స్టేషను రాగానే ఆయన్ని లేపి సంగతి చెప్పాను.

"ఫెయిల్ జేసినవా మేడం? పండుకోని గూడ పాసైతుంటి గదా నేను!" అని తల కొట్టుకుంటూ దిగిపోయాడు.

మేడ్చల్‌లో దిగి, స్టేషను బయట బండి మీద ఇడ్లీ తిన్నాను. పల్లీ చట్నీ బాగుంది, అల్లం చట్నీ జోలికి మాత్రం పోకండి. ఆఫీసులో మేనేజరుగారు టాబ్ ఒకటి చేతికిచ్చి వెబ్‌సైటు తెరిచి చూపించారు. ఒక ఆడగొంతు పాఠం చెబుతుంది, ప్రశ్న అడుగుతుంది, మనం నోటితోనే జవాబు చెప్పాలి.

"పాస్‌వర్డు గుర్తుపెట్టుకునే పని లేదు మేడం, గొంతే తాళంచెవి. ఒక్కొక్కరు వాళ్ళ పేరు, సంఘం కార్డులో ఉన్న భర్త పేరు ఒకసారి పలికితే చాలు. ఇక జన్మలో మర్చిపోదు," అన్నారు. నేను కూడా ఇంత తేలికా అనుకున్నాను. నా బుద్ధికి ఏమైందో అప్పుడు!

శామీర్‌పేటకి బస్సు ఎంతకీ రాలేదు. వచ్చి ఉంటే ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్ళకి ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టు మీద పోయేదాన్ని. చివరికి షేర్ ఆటో ఎక్కాను. డ్రైవరు ఫోన్లో మ్యాప్ పెట్టుకున్నాడు గానీ దాని మాట ఒక్కటీ వినడు. అది ఎడమకు తిరగమంటే, "ఆగవె, గాడ రోడ్డు తవ్విండ్రు," అని దాన్నే కసిరాడు.

"దానికి వినపడదు కదయ్యా," అన్నాను.

"వినకున్నా చెప్పాలె మేడం. లేకుంటె రేపు తప్పు నాదే అంటది," అన్నాడు. ఆ మాట ఎంత నిజమో మధ్యాహ్నానికి నాకు తెలిసొచ్చింది.

పదకొండింటికల్లా సంఘం హాల్లో ఉన్నాను. యాదమ్మ ఎదురొచ్చి బ్యాగు అందుకుంది. "మేడం, జెర మంచిగ నేర్పుండ్రి. గీ స్టాల్ పోతే మల్ల ఎండలనే. గా ఎండకు నెత్తి పలుగుతాంది," అంది. కళ్ళల్లో నిజంగానే దిగులుంది. నాకు ఒక్కసారిగా బాధ్యత మీద పడ్డట్టయింది.

టాబ్ బల్ల మీద పెట్టి, "రా యాదమ్మా, నీ పేరు, మీ ఆయన పేరు చెప్పు," అన్నాను.

యాదమ్మ తన పేరు చెప్పింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హాలంతా కిసుక్కుమంది.

"మా పెద్దపోరి నాయిన," అంది చివరికి.

"వివరాలు సరిపోలేదు," అంది టాబ్.

"గదే, మూలమీది ఇంటాయన."

"వివరాలు సరిపోలేదు."

"ఓ మేడం, మేం మొగని పేరు తీసుకోం. తీసుకుంటె ఆయుష్షు తగ్గుతదంటరు," అంది యాదమ్మ. మిగతావాళ్ళు అవునంటే అవునన్నారు. నేనేమో గడియారం చూసుకుంటున్నాను.

అప్పుడు లేచింది పోశవ్వ. సంఘంలో అందరికంటే పెద్దది. ఆవిడ గట్టు మీద నిలబడి పిలిస్తే చెరువు అవతలి పడవ వెనక్కి తిరుగుతుందంటారు. "గింతదానికి పరేషాన్ ఎందుకు బిడ్డా? నా మొగనివి గావు గద గీ పేర్లు. నేను జెప్త తియ్!" అంది.

హమ్మయ్య అనుకున్నాను. పోశవ్వ వరసగా అందరి పేర్లూ, వాళ్ళ మొగుళ్ళ పేర్లూ గడగడా చదివేసింది. ఆవిడ వంతు వచ్చేసరికి ఆవిడ పేరూ, భర్త పేరూ యాదమ్మ చెప్పింది. టాబ్ అన్నిటికీ "ధన్యవాదాలు" అంది. మేనేజరుగారికి ఫోన్ చేసి, "అయిపోయిందండీ, ఏముంది ఇందులో," అని గొప్పలు కూడా పోయాను.

పాఠం నడిచింది. తర్వాత జొన్నరొట్టె, చేపల పులుసు పెట్టారు. ఆ పులుసు గురించి వేరే వ్యాసం రాయొచ్చు, రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాను. రెండింటికి పరీక్ష మొదలైంది. మొదటి వంతు యాదమ్మది.

"చేప కోసే ముందు ఏం చేయాలి?" అని అడిగింది టాబ్.

"చేతులు సబ్బుతోని కడుక్కోవాలె, పీట గూడ కడగాలె," అంది యాదమ్మ టకటకా.

"మీరు యాదమ్మ కాదు. మీరు పోశవ్వ," అంది టాబ్.

యాదమ్మ నోరు తెరిచింది. "నేను యాదమ్మను గాకుంటె ఎవల్ని మరి? ఇగ ఇంటికి పోయి ఎవలకు బువ్వ వండాలె?"

ఇంతలో బయట చేపల తట్ట మీదికి పిల్లి దూకింది. పోశవ్వ వాకిట్లోంచి, "దొంగముండా, నీ కాళ్ళిరగ!" అని అరిచింది.

"స్వాగతం యాదమ్మ గారూ. మీ జవాబు తప్పు," అంది టాబ్ మర్యాదగా.

అప్పుడు వెలిగింది నాకు. పోశవ్వ గొంతే పదకొండు మంది పేర్లకూ తాళంచెవి అయి కూర్చుంది. పోశవ్వకేమో యాదమ్మ గొంతు. "అయితె అందరి పరీక్ష నేనే రాస్త," అని పోశవ్వ ముందుకొచ్చింది. పాఠం సేపంతా ఆవిడ గోడకానుకుని కునుకు తీసింది, నేను చూశాను. వద్దనే లోపలే తర్వాతి ప్రశ్న వచ్చేసింది. వేయించిన నూనె ఎన్నిసార్లు వాడొచ్చు?

"అయిపోయేదాంక!" అంది పోశవ్వ.

యాదమ్మకి ఇక ఒకే అవకాశం మిగిలిందని తెర మీద పడింది. యాదమ్మకి ఏడుపొక్కటే తక్కువ. "స్టాల్ పాయె మేడం. ఇగ పాయె," అంటూ కింద కూలబడింది. నా తొందరే ఇంత పని చేసింది. మేనేజరుగారికి మళ్ళీ ఫోన్ చేశాను, ఈసారి గొంతు తగ్గించి.

"గొంతులన్నీ చెరిపేసి మొదటికి తెస్తాను మేడం. కానీ ఎవరిది వాళ్ళే పలకాలి. ఒకసారి చెరిపాక, ముందు టీచరుగా మీరు పలికితేనే క్లాసు మళ్ళీ తెరుచుకుంటుంది. మీ పేరు, మీవారి పేరు. నాలుగు లోపల కానియ్యండి," అన్నారు.

ఫోన్ పెట్టేసి ఆడవాళ్ళ మీద విరుచుకుపడ్డాను. "ఇదేం చోద్యమమ్మా? ఈ కాలంలో కూడా మొగుడి పేరు చెప్పకపోవడం ఏమిటి?"

పోశవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "గట్లనా? మరి మీ సారు పేరేంది? జెప్పు."

నోరు తెరిచాను. "మావారు..." అన్నాను. అక్కడ ఆగిపోయింది. రేషన్ కార్డు మీదా, గ్యాస్ పుస్తకం మీదా రాశాను గానీ, నోటితో ఎన్నడన్నానని? ఏవండీ, ఇదిగో, వింటున్నారా, వీటితోనే నా కాపురం వెళ్ళిపోయింది. చెవులు వేడెక్కాయి. పన్నెండు మందీ పొట్టలు పట్టుకుని నవ్వారు. యాదమ్మ కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఠక్కున లేచి నిలబడింది.

"ఓ పోశవ్వా! పెండ్లినాడు జెప్పిన గదనె నేను! గడప కాడ ఆడబిడ్డ అడ్డం నిలవడితె పేరు జెప్పకుంట లోపలికి రానిచ్చిందా?"

"రానియ్యది. గడప కాడ జెప్తె దోషం లేదు," అని తీర్పు చెప్పింది పోశవ్వ.

ఇక చూడండి. పోశవ్వ ఆడబిడ్డ అయింది. హాలు గుమ్మానికి చేతులు అడ్డం పెట్టి, ఒక చేతిలో టాబ్ పట్టుకుని నిలబడింది. మేమందరం బయట ఎండలో కొత్త పెళ్ళికూతుళ్ళలా వరస కట్టాం. నా నెత్తిన ఎవరో కొంగు కప్పారు.

"ఎవలొచ్చిండ్రు? పేర్లు జెప్పి లోపలికి రా!" అంది పోశవ్వ.

"కామేశ్వరి... సూర్యనారాయణ గారు," అన్నాను నేల చూపులు చూస్తూ.

"వివరాలు సరిపోలేదు," అంది టాబ్.

"కార్డుల గారు ఉంటదా మేడం? గారు తీసెయ్!" అని వెనకనుంచి కేకలు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి, శామీర్‌పేట నడిబొడ్డున, గారు లేకుండా, "కామేశ్వరి. సూర్యనారాయణ!" అని గట్టిగా అన్నాను. క్లాసు తెరుచుకుంది. చప్పట్లు, ఈలలు. ఎందుకో తెలీదు గానీ నాకు భలే సంతోషమేసింది.

నా వెనక యాదమ్మ, "యాదమ్మ, అంజయ్య!" అని ఒక్క అరుపు అరిచి లోపలికి దూకింది. ఆ తర్వాత ఒక్కరూ ఆగలేదు. సిగ్గుపడే వాళ్ళని పోశవ్వ, "జల్దీ జెప్పు, గా బుగ్గ మీద మచ్చున్నాయన పేరేంది?" అని ఆటపట్టించింది. చివరికి పోశవ్వ వంతు వచ్చింది. యాదమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. పోశవ్వ భర్త పోయి చాలా కాలమైంది.

"ఉన్నన్ని దినాలు ఆయుష్షు తగ్గుతదని తీసుకోలె. ఇగ నాకేం భయం," అని ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. "పోశవ్వ. ఎల్లయ్య," అంది. టాబ్ ధన్యవాదాలు చెప్పేసింది. అయినా పోశవ్వ "ఎల్లయ్య, ఎల్లయ్య," అని ఇంకో రెండుసార్లు అంది. ఎవరమూ తొందరపెట్టలేదు.

పరీక్షకి ముందు పోశవ్వకి నూనె పాఠం మళ్ళీ చెప్పాను. చెప్పిందల్లా విని, "నూనె అంత పారబోసుడా? గిదేం న్యాయం," అని గొణిగింది గానీ జవాబు సరిగ్గానే చెప్పింది. యాదమ్మ ఆఖరి అవకాశంలో అన్నీ సరిగ్గా చెప్పి పాసైంది. నాలుగు కాకముందే అందరి సర్టిఫికెట్లూ వచ్చేశాయి. స్టాలు మీదేనని కబురు రాగానే యాదమ్మ నన్ను గట్టిగా పట్టుకుంది. ఒళ్ళంతా చేపల వాసన. ఏమీ అనిపించలేదు.

ఐదు దాటాక రాజీవ్ రహదారి మీద సికింద్రాబాద్ బస్సెక్కాను. ఈసారి జీరో టికెట్టు దొరికింది, కిటికీ పక్క సీటు కూడా. ఒళ్ళో వేయించిన చేపల పొట్లం వెచ్చగా ఉంది. ఈ దారిన వెళ్ళేవాళ్ళకి నా మాట ఒకటే. వెబ్‌సైటు మంచిదే, బాగా నేర్పుతుంది. కానీ ఎవరి నోటితో వాళ్ళు చెప్పుకోవాలి. ఇంకొకరిచేత చెప్పించుకుంటే మనం పోశవ్వ అయిపోతాం. అలాగే యాదమ్మ స్టాలు పెట్టాక అక్కడ చేపలు తినకుండా రాకండి.

తుంకుంట దాటాక మావారికి ఫోన్ చేశాను, అల్వాల్ స్టాపు దగ్గరికి స్కూటరు తెమ్మని చెబుదామని. మధ్యాహ్నం గుమ్మంలో నిలబడి అరిచిన నోరు కదా, దానికి అలవాటైపోయింది.

"హలో సూర్యనారాయణా! బస్సులో ఉన్నాను, స్కూటరు తీసుకుని స్టాపుకి వచ్చెయ్!" అన్నాను.

అవతలినుంచి మావారి గొంతు, మహా మర్యాదగా వినిపించింది.

"అమ్మా, మీరెవరో గానీ, ఈ ఫోను మా ఆవిడదండీ. పాపం బస్సులో పారేసుకున్నట్టుంది. దయచేసి కండక్టరు చేతికి ఇచ్చెయ్యండి."