గూట్లో పెట్టిన చిమ్మిలి

చిమ్మిలి ఎట్లా చేస్తారని ఫోన్లో అడిగావు కదమ్మా. నువ్వులు దోరగా వేయించి, బెల్లం వేసి రోట్లో దంచి ఉండలు చుట్టాలి. అంతే. నేను మాత్రం చేయను. ఎందుకో మీ తాతకు కూడా చెప్పలేదు. ఇన్నేళ్లుగా లోపల మోస్తూనే ఉన్నాను.

ఆంధ్రరాష్ట్రం వచ్చిన కొత్త రోజులు. ఉదయగిరి దగ్గర మా అత్తగారిల్లు. నాకు ఐదో నెల. కడుపుతో ఉన్నవాళ్లు నువ్వులు తింటే వేడిచేసి కడుపు పోతుందని ముట్టనిచ్చేవాళ్లు కాదు. నాకేమో ఒకటే ఆశ. మా మరిది భార్య రత్తమ్మను నేనే బతిమాలాను. దుత్తలూరు పిల్ల. అత్త చేనుకు పోయిన పూట దంచి, ఒక్క ఉండ కొంగులో దాచి తెచ్చింది.

"తొందరగా తిని మూతి తుడుచుకో. అత్త చూసిందంటే నువ్వులు కాదక్కా, మనల్నే రోట్లో ఏసి దంచుతాది" అని నవ్వింది.

కాసేపాగి తిందామని గూట్లో పెట్టాను. అంతలోనే నడుము పట్టుకుంది. సాయంత్రానికి బిడ్డ పోయింది.

మళ్లీ కంటావులే అన్నారు. ఎవరూ ఏడవనివ్వలేదు. నాకు పాలు పడ్డాయి. రవిక తడిసినప్పుడల్లా పక్కగదిలో ఎవరో ఏడ్చినట్టు ఉలిక్కిపడి లేచేదాన్ని. నేనేం చేశాను? ఏ బరువెత్తాను? అందరి చూపుల్లోనూ అదే ప్రశ్న. అత్త నోరు తెరిచే అడిగింది.

"ఏంది తినినావే?"

"రత్తమ్మ చిమ్మిలి పెట్టింది."

అబద్ధం కాదు. తిన్నానని నేననలేదు. అట్లా ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో! కానీ ఆ మాటతో ఇంటిల్లిపాది చూపులూ నా మీద నుంచి ఆ పిల్ల మీదికి మళ్లాయి, నాకు ఊపిరాడింది, ఆ ఊపిరే ఇప్పటికీ నన్ను పొడుస్తుంది.

రత్తమ్మ మంచం దగ్గరకొచ్చింది. "అక్కా, నువ్వు తినినావా?"

గోడవైపు తిరిగాను.

నన్ను ఆత్మకూరుకు, పుట్టింటికి పంపారు. తిరిగొచ్చేసరికి గూడు ఖాళీగా, తుడిచినట్టుంది. అడిగే ధైర్యం లేకపోయింది.

ఆ తర్వాత కడుపుతో ఉన్న ఏ ఆడదీ రత్తమ్మ చేతి నీళ్లు తాగలేదు. మీ నాన్న పుట్టినప్పుడు గడప బయటే నిలబడి చూసింది. ఎత్తుకోమన్నాను. "వద్దులే అక్కా" అని చేతులు కొంగులో చుట్టుకుంది.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. క్షమించమని నిన్ను అడగను. క్షమించాల్సింది నువ్వు కాదు. చెప్పాను, కాస్త తేలికయింది, అంతే.

ఒక్కటే తెలియలేదు. ఆ ఉండ చీమలు తిన్నాయా, రత్తమ్మ తీసిందా? తీసుంటే, నేను తినలేదని తెలిసి కూడా, ఎందుకు నోరు విప్పలేదు?