టైల్స్ కింద నాపబండ

నాలుగేళ్ల కిందట జమ్మలమడుగులో మా స్నానాలగదికి నేనే సొంతంగా టైల్స్ వేద్దామనుకున్నాను. ఫోన్లో వీడియోలు చూసి వచ్చిన ధైర్యం అది. కింద పాత నాపబండలు గట్టిగానే ఉన్నాయి. వాటి మీదే సిమెంటు పరిచి అతికిస్తానంటే, తాపీపని చేసే ఎదురింటి బేల్దారి మస్తాన్ మామ ఒప్పుకోలేదు.

"నున్నటి బండకు సిమెంటు పట్టదప్పా. బండలు పెరికి కాంక్రీటు ఎయ్యి, నీళ్లు దిగకుండా పూత పుయ్యి. ఆ పైన ఏసుకో టైల్స్."

"మన బండ మీద ఇండ్లే నిలబడినాయి మామా, నాలుగు టైల్స్ నిలబడవా?" అని నవ్వాను.

పని ముగిశాక ఇంటికి వచ్చినవాళ్లందరికీ గొప్పగా చూపించుకున్నాను. మూడో నెలలో ఒక ఉదయం లోపల పెద్ద చప్పుడైంది. పరుగెత్తి చూస్తే నా భార్య సుజాత గోడవారగా పడి ఉంది. ఒక టైలు ఊడి, ఆమె కాలితో పాటే జారిపోయింది. దాని కింద బండ మీద నీళ్లు నిలిచి ఉన్నాయి.

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో కుడి మణికట్టు విరిగిందన్నారు. ఇంటిల్లిపాదికీ, వీధిలో సగం మందికీ బట్టలు కుట్టే చేయి అది.

"మామ సెప్తానే ఉండె. నువ్వు యాడ వింటివి?" అనింది సుజాత.

తర్వాత మస్తాన్ మామే బండలు పెరికి అంతా పద్ధతిగా చేశాడు. చేయి అతికింది గానీ, కత్తెర పట్టు మునుపటంత లేదు. ఇప్పటికీ సుజాత లోపలికి అడుగు పెట్టేముందు కాలి బొటనవేలితో టైలును తట్టి చూసుకుంటుంది. ఆ చిన్న చప్పుడు ముందుగదిలో ఉన్న నాకు రోజూ వినిపిస్తుంది.