మేనేజరుగారి ఎర్ర తాళంచెవి

మా అక్క గోవిందమ్మ దొంగ అని ఒక గంటసేపు నమ్మాను నేను. తోడబుట్టినవాణ్ణి! తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

యాభై నాలుగో సంవత్సరం మాట. మద్రాసు పక్కన తిరువొత్తియూరులో రాగితీగ చేసే ఫ్యాక్టరీకి నేను గేటు వాచ్‌మన్‌ని. మొగుడు పోయాక అక్క ఆ ఫ్యాక్టరీ గోడ వెనకే గుడిసె వేసుకుని రెండు మేకలు పెంచుకునేది. తీగను కడిగిన ఆసిడ్ నీళ్లు, రాగి కరిగి నీలంగా, గోడ కింది కాలవలోంచి సముద్రంలోకి పోయేవి. ఒకసారి అక్క గడ్డికోసే కొడవలి అందులో జారిపడింది. మర్నాడు కర్రతో పైకి తీస్తే ఎర్రగా ఉంది. ఇంకొకరైతే పాడైపోయిందని పారేసేవాళ్లే. మా అక్కా? చింతపండు పెట్టి తోమింది. పండగనాటి రాగిచెంబులా తళతళలాడింది.

అంతే, ఆమెకు పిచ్చి పట్టుకుంది. వ్యాసర్పాడి పాత ఇనుపకొట్ల నుంచి తుప్పుమేకులు మోసుకొచ్చి, గోనెసంచిలో కట్టి కాలవలో వేసేది. ఇనుము కరిగిపోయి, దాని చోట రాగి ఎర్రటి బురదలా దిగేది. దాన్ని కడిగి ఎండబెట్టి చింతాద్రిపేటలో పాత్రలు చేసే ధర్మలింగానికి అమ్మొచ్చేది. నాతో మాత్రం చెప్పలేదు. చెబితే నవ్వుతానట. నిజమే, నవ్వేవాణ్ణే.

ఒకనాడు బస్సెక్కబోతుంటే మూట చినిగి, ఆ రాగిపొడి సరిగ్గా మా మేనేజరు జనార్దనంగారి కాళ్ల ముందే ఒలికింది. ఆయన వెంటనే నన్ను పిలిపించారు.

"గేట్లో తమ్ముడు, గోడ వెనక అక్క. ఇంకేం కావాలి? సాయంత్రంలోగా ఒప్పుకోకపోతే నీ ఉద్యోగం ఊడుతుంది. ఇద్దర్నీ పోలీసులకు అప్పజెబుతా."

అక్క దగ్గరికి పరుగెత్తాను. "ఏందక్కా ఈ పని? ఎప్పుడు ఎత్తుకపోయినావు?"

అక్క నా మొహంలోకి చూసింది. "ఎప్పుడని అడగతా ఉండావే వరదయ్యా. ఎత్తుకపోయినావా అని ఒక్క మాట అడగలేదే!"

ఆమె పైట బిగించి తిన్నగా ఫ్యాక్టరీలోకి నడిచింది. మేనేజరునీ గుమాస్తాలనీ కాలవ దగ్గరికి లాక్కొచ్చినంత పని చేసింది.

"నా ఇనుము వేస్తే మాయ అంటారు. మీ జేబులో ఇనుప తాళంచెవి ఇట్టా ఇయ్యండయ్యా."

ఆయన గొణుక్కుంటూ ఇచ్చారు. అక్క దాన్ని దారంతో కట్టి నీళ్లలోకి దించింది. కాసేపటికి పైకి లాగింది. ఎర్రటి ఎరుపు! చింతపండుతో రుద్ది ఆయన చేతిలో పెట్టింది. జనార్దనంగారు దాన్ని అటూ ఇటూ తిప్పి గోటితో గీకి చూశారు.

"మీ రాగి నేను ఎత్తుకపోలేదయ్యా. మీరే దినామూ సముద్రంలో పారబోస్తా ఉండారు. నేను ఏరుకుంటా ఉండాను, అంతే."

అబ్బ, ఏం మాటన్నావే తల్లీ! గుమాస్తాలు చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చేసింది.

నెల తిరగకుండా ఫ్యాక్టరీలోనే ఆ నీళ్లు పట్టే తొట్లు కట్టించి, నలుగురు పనివాళ్లనిచ్చి, అక్కను వాటికి పెద్దను చేశారు. మేనేజరుగారు తన బీరువాను చివరిదాకా ఆ ఎర్ర తాళంచెవితోనే తీసేవారు.

మొదటిరోజు అక్క పెద్ద గేటులోంచి వస్తుంటే లేచి సెల్యూట్ కొట్టాను. ఆమె ఆగి సంచి నా ముందు తెరిచి పట్టుకుంది.

"వెతకరా. నీ డ్యూటీ గదా."

"వద్దక్కా, నన్ను చంపొద్దు."

"వెతకమంటా ఉండానా లేదా?"

తల వంచుకుని చెయ్యి పెట్టాను. రెండు గిన్నెలు తగిలాయి.

"చిన్నది నాది, పెద్దది నీది. కరువాడు పులుసు, ఎండుచేపలది. చల్లారకముందే తిను" అని లోపలికి వెళ్లిపోయింది.