రాగి సీనీలో ఆఖరు వాయి గరిజలు

ఒక పెద్దావిడ నియమం నా చేతుల మీదుగా చెడిపోతుంటే చూస్తూ ఊరుకుందామని ఒకనాడు నిశ్చయించుకున్నానని ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, రోజూ రాసే డైరీలో కూడా ఆ ఒక్క ముక్క రాయలేదు. మొన్న క్రిస్మస్‌కు మా కోడలు చెక్క పలక మీద చీజు ముక్కలు, పల్చటి మాంసపు పొరలు, ద్రాక్షలు, బిస్కెట్లు ముచ్చటగా పేర్చి, దీన్ని షార్క్యూటరీ బోర్డు అంటారత్తమ్మా అని నేర్పుతుంటే, పేరుకు నోరు తిరగలేదుగాని పని మాత్రం నేనెరిగినదేననిపించి, డెబ్బైల నాటి మా పాతబస్తీ ఇల్లు, అందులో మా రాగి సీనీ కళ్ళముందుకొచ్చాయి.

సీనీ అంటే ఇద్దరు పడితే తప్ప లేవని గుండ్రటి పెద్ద పళ్ళెం. బాపు కంచన్‌బాగ్‌లో ఒక లోహపు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. క్రిస్మస్ పండుగ సాయంత్రం ఆయనతో పనిచేసేవాళ్ళు, మా వాడకట్టువాళ్ళు ముందు గదిలో చాపల మీద, అప్పుడే కళాయి పూయించిన ఆ సీనీ చుట్టూ చేరేవారు. మతమేదైనా అందరికీ ఒకే పళ్ళెం ఉండాలన్నది అమ్మ పట్టుదల. బాపు దోస్తు చాచా నిశ్చింతగా తినాలని మాంసం కార్వాన్‌లో హలాల్ దుకాణం నుంచే తెప్పించేది. మాకు పాలు పోసే అవ్వ, భర్త పోయాక తులసిమాల వేసుకుని నీసు పూర్తిగా మానేసింది. సీనీ నడుమ గిన్నెలో మాంసం ఉన్నా ఆమెకు పట్టింపు లేదు, "పక్కపొంటి ఉంటే ఏంది, నా నోట్లెకు రాకుంటే చాలు" అనేది. అందుకే అమ్మ కొత్త నూనెలో ముందు తీపి వంటలు, తర్వాత కారప్పూస, అన్నీ అయ్యాకే మాంసం వేయించేది. ఆ వరుస మా ఇంట్లో ప్రార్థనంత తప్పనిది.

నాకు పద్దెనిమిదేళ్ళున్న ఆ ఏడు అమ్మ టైఫాయిడ్‌తో మంచం పట్టింది. చుట్టాల గొంతు వినబడితే చాలు పుస్తకం పట్టుకుని పరదా వెనక్కి జారుకునే నా మీద సీనీ భారమంతా పడింది. ఎవరినీ అడగలేక, డైరీలో పెన్సిలుతో వలయాలు గీసుకున్నాను. నడుమ గిన్నెలో ఒట్టి తునకలు, అంటే ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద ఎండబెట్టిన మాంసపు పేలికలు, నూనెలో కరకరలాడేట్టు వేయించినవి. పక్కన మరో గిన్నెలో శామీ కబాబులు. వాటి చుట్టూ అంజీరు, ఖర్జూరం, జామ చెక్కలు, కేకు ముక్కలు. అంచు పొడుగునా, కొబ్బరీ చక్కెరా కూరిన గరిజలు ఒకదానికొకటి ఒరిగి, అర్ధచంద్రాల దండలాగా.

ఆ వారమంతా మబ్బు. తునకలు సరిగా ఎండాయో లేదోనని బాపు బెంగపడుతుంటే, రుచి చూపిద్దామని ఒక గుప్పెడు ముందే వేయించాను. ఆ తర్వాత గరిజల పిండి ఇంకా కొంత మిగిలి ఉండడం చూసి, హడావిడిలో అదే నూనెలో ఆఖరు వాయి తీసి, చల్లారగానే తక్కినవాటిలో కలిపేశాను. చేసిన పొరపాటు ఆ క్షణాన తోచనే లేదు.

సాయంత్రం సీనీ మీద గుడ్డ తీయగానే అందరూ ముందుకు వంగి చూశారు. "క్యా బేటీ, ఇది తినేటందుకా, చూసేటందుకా?" అని చాచా పరదా వైపు తిరిగి అడిగి, "గింత హునర్ ఇంట్ల దాచిపెట్టుకున్నవా భాయ్" అని బాపు వీపు చరిచాడు. పుస్తకాలు తప్ప మరో లోకం తెలియని నాకు అదే మొదటి మెప్పు. పరదా వెనక నా గుండె ఇంత లావయింది. సరిగ్గా అప్పుడే అవ్వ ఒక గరిజ తీసుకుని, ఆమె అలవాటు ప్రకారం కళ్ళకద్దుకుంది. అది పక్కవాటికంటే ఒక పిసరు ఎర్రగా ఉంది. ఏ నూనెలో వేగిందో నాకు తెలిసిపోయింది.

చెబితే అందరి ముందు బాపు తల దిగిపోతుంది, లోపల పడుకున్న అమ్మ వింటుంది, నా సీనీ మైలపడుతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. తెలియక తిన్నదానికి దోషమేముందిలే అని నాకు నేనే తీర్పు చెప్పుకుని, నోరు కుట్టేసుకున్నాను కూడా. ఇంతకాలం దాచింది ఆ తీర్పునే. కానీ అవ్వ అంత నమ్మకంగా కళ్ళు మూసుకుని గరిజను నోటి దగ్గరికి తెచ్చుకుంటుంటే నా కాళ్ళు నన్నడగకుండానే పరదా దాటాయి.

"అవ్వా, తినకు. అది తునకల నూనెల ఏగింది. నేనే మర్సిపోయిన."

బాపు తల వంచుకున్నాడు. అవ్వ గరిజను చూసి, నన్ను ఎగాదిగా చూసి, "ఏందయ్యా, గీ పిల్లకు మాటలొస్తయా? ఇన్నొద్దులు మూగదనుకున్న" అని బాపునడిగింది. అందరూ ఘొల్లుమన్నారు, బాపు కూడా. "ఇగ రా, పక్కకు కూసో. నేను తినేటియి నువ్వే ఏరియ్యి" అంది. ఆమె పక్కన కూర్చుని అంజీరు, ఖర్జూరం, జామ చెక్కలు ఒక్కొక్కటే ఏరి ఆమె అరచేతిలో పెట్టాను. వచ్చినవాళ్ళ మధ్య నేను కూర్చున్నది అదే మొదటిసారి. మరుసటి ఏడు అమ్మ కోలుకున్నా సీనీని నా చేతి నుంచి తీసుకోలేదు. పెళ్ళయ్యేదాకా అది నాదే, దాని పక్కన చాప కూడా నాదే.

మొన్న కోడలి పలక నిజంగానే చూడముచ్చటగా ఉంది. ఎదురింటివాళ్ళకు కొంచెం పంపుదామమ్మా అని నేనంటే, వాళ్ళేం తింటారో మనకు తెలియదు కదత్తమ్మా అంది. అదీ నిజమే, నాలుగేళ్ళుగా ఎదురుగా ఉంటున్నాం, తెలియదు. మేమైతే వాడకట్టులో ఎవరి నోటికి ఏది సయిస్తుందో, ఏది సయించదో పేరుపేరునా ఎరిగి నూనె పొయ్యి మీద పెట్టినవాళ్ళం, ఆ సంగతి తలచుకుంటే ఈ వయసులోనూ నా వెన్ను నిటారవుతుంది. పెళ్ళయి పాతబస్తీ విడిచి వెళ్ళేనాడు అవ్వ పాలచేతులతోనే వచ్చి నా చెంపలు నిమిరింది. మళ్ళీ నేను వెళ్ళేసరికి ఆమె లేదు. ఆనాడు రిక్షా కదలబోతుంటే దగ్గరికి వంగి ఒక్క మాట అంది.

"ఎవలింట్ల తిన్నా అడిగి తింట బిడ్డా. నీ చేతిదైతే అడుగ."