కోత మిషన్‌కు కట్టు లేదంట

మాది చర్ల అవతల అడవి ఊరు. కొత్తల పండుగ కాకముందు మా ఊర్ల పండిన వరికి కొడవలి పెట్టొద్దు, కొత్త బువ్వ తినొద్దు. అది మా ఊరి కట్టు. పండుగనాడు ఇంటికో పిడికెడు కంకులు కోసి ముత్యాలమ్మ ముందర పెట్టాలె. కోడిని కొయ్యాలె. ఆ గింజలే దంచి ఒక్క కుండల వండి ఊరంత తినాలె. ఆనాటికెల్లి ఎవరి కోత వాళ్లది.

గిట్ల ఎందుకంటే మా అత్త చెప్పేది. ఎనకట మనుషులు దుంపలు తవ్వుకొని, ఇప్పపూలు ఏరుకొని బతికిండ్రంట. ఏదో పిట్ట నోట్లకెల్లి జారిన గింజ మొలిస్తే వడ్లయినయంట. చేను ముందు పండినోడు ముందే వండుకొని తిన్నడు. పండనోని పిల్లలు వాసన చూసుకుంట ఏడ్సిండ్రు. ఊర్ల కొట్లాటలయినయ్. అప్పుడు భూమితల్లి ఒక ముసలమ్మ మీదికొచ్చి చెప్పిందంట, ముందు నాకు పెట్టుండ్రి, ఎనక అందరు ఒక్కనాడే తినుండ్రి అని. మంచి మాటనే. కాని ఆ ఒక్కనాడు ఎప్పుడో చెప్పేది మా పటేలు మామ. గదే నా పాణం మీదికొచ్చింది.

నా పెనిమిటి పోయినంక వాగు పక్క మడి నేనొక్కదాన్నే చేసుకుంటున్న. అది ఇంటికొస్తేనే నాకు ఏడాది బువ్వ. ఈసారి జల్దీ పండే రకం ఏసిన. పండింది. పండుగ పెట్టు మామా అంటే, మా ఇంట్ల పురుడు అన్నడు. పురుడు తీరినంక ఊర్ల ముసలోడొకడు పోయిండు, మైల అన్నడు. మైల పోయినంక, కొత్తగూడెం బొగ్గుబాయిల కాంట్రాక్టు పనికి పోయిన మన పోరగాండ్లకు సెలవు దొరకలే, వచ్చే ఆదివారం చూద్దమన్నడు. ఆ ఆదివారం పోయింది, ఇంకో ఆదివారమన్నడు. పగలు చిలకలు, పొద్దుగూకితే పందులు. రేకు డబ్బా కొట్టి కొట్టి నా చెవులు పోయినయ్. గాలి కొడితే సాలు, గింజ రాలుతది.

గంతలనే, రోడ్డు పక్క మళ్లకు కోత మిషన్ వచ్చింది. ముందుగాల దిగింది పటేలు మామ మడిలనే.

"ఏంది మామా, పండుగ కాకముందే కోతనా?"

"కొడవలి పెట్టొద్దన్నరు కోడలా. మిషన్ సంగతి పెద్దోళ్లు చెప్పలే."

"మిషన్ ఉంటె కద చెప్పనీకి."

"తిననైతే తినలే. వడ్లన్ని బస్తాలల్లనే ఉన్నయ్, వచ్చి చూస్కో."

"అయితే నా మడిల గూడ దింపు."

డ్రైవర్ నవ్విండు. ఆ గట్టు దిగితే మిషన్‌ను వాగుల ఎతుక్కోవాలె అన్నడు. ఊర్ల మళ్లన్ని కోసిపోయిండు. నాదొక్కటే నిలబడ్డది. చూరులకెల్లి కొడవలి తీసిన, మళ్ల చూరులనే పెట్టిన. నేను కోస్తే, ఎనక ఎవరి పిల్లకు జరమొచ్చినా నా కొడవలి పేరే చెప్తరు.

ఒకనాడు పొద్దుగాల పటేలు పెండ్లాము చేటల చింతపండు పట్టుకొని మా వాకిట్లకొచ్చింది. ఊకనే తెచ్చే మనిషి కాదు.

"పండుగకు కంకులు కావాలె బిడ్డా. ఏ మడిల చూసినా మోళ్లే ఉన్నయ్."

"బస్తాలున్నయ్ కద అత్తా. గవే పెట్టుండ్రి తల్లి ముందర."

"బస్తా పెడితే తల్లి ఊకుంటదా? కాడతోని కంకి ఉండాలె. నీ మడిల తప్ప ఏడుందే?"

చింతపండు లోపల పెట్టి, సక్కగ పటేలు మామ ఇంటికే పోయిన.

"ఇస్త మామా. రేపు పండుగైతే ఇస్త."

"ఆదివారం అనుకున్నం కద. పోరగాండ్లు రావాలె."

"ఆదివారం దాక కంకికి గింజుండదు. ఉత్త కాడలు పెట్టుకోండ్రి."

పెండ్లాము దిక్కు చూసిండు. ఆమె పొయ్యి ఊదుకుంట, "రేపే పెట్టుండ్రి, ఇంక సాగదీస్తే ఏం మిగలదు" అన్నది.

తెల్లారి ఊరంత నా మడిల పడ్డది. పిడికెడు కంకులకు ఒక్కొక్కడు మడిసగం తొక్కిండు. పటేలు మామ కాలు జారి నా మడి ఒడ్డునే తెంపిండు. కోడి అయింది, బువ్వ అయింది. కొత్త బియ్యం ముద్ద గొంతుల దిగినంక నేను లేచిన.

"తిన్నోళ్లు ఇండ్లకు పోకుండ్రి. కొడవళ్లు చేతులనే ఉన్నయ్, నా మడికి నడువుండ్రి."

"నాకు నడుం నొస్తది కోడలా."

"మిషన్‌కైతే నొయ్యదు. అది నా మడిల దిగదాయె, మీరే దిగాలె."

గొణుక్కుంట వచ్చిండు. అందరొచ్చిండ్రు. పొద్దుగూకెవరకు మోపులన్ని గట్టు మీదికి చేరినయ్. రాలినయ్ రాలంగ ఉన్నయే దక్కినయ్. మోపులు మోస్తుంటే కొత్తగూడెం కాడికెల్లి పోరగాండ్లు ఫోన్ చేసిండ్రు, మేము లేకుండ పండుగెట్ల చేసిండ్రని. మీ వదిననే అడగుండ్రని పటేలు మామ ఫోన్ నా దిక్కు పెట్టిండు. నెత్తి మీద మోపున్నది, చేతులు ఖాళీ లేవని చెప్పమన్న.