ఎనక ఎవురే?

నా చిన్నప్పుడు మా పల్లె ఆడవాళ్లు నాలుగు మైళ్ల అవతల ఉన్న నాపరాళ్ల గనికి నడిచి కూలికి పోయేవారు. గురజాల వైపు ఎండ సంగతి ఎరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. నేనూ వాళ్ల వెంట పోయేదాన్ని. తెల్లారకముందే బయల్దేరి, మిట్టమధ్యాహ్నం తిరుగుముఖం పట్టేవాళ్లం. ముందు మా నాయనమ్మ, వెనక వరసగా మిగతావాళ్లు. కష్టసుఖాలు, ఎకసెక్కాలు అన్నీ ఆ దారిలోనే. మలుపు వచ్చిందంటే నాయనమ్మ "ఎనక ఎవురే?" అని కేకేసేది. అందరికన్నా చివర నడిచే మనిషి "నేనే, నా ఎనక ఎవురూ లేరు" అనాలి. ఆ మాట వినిపిస్తేనే అడుగు ముందుకు పడేది.

చివర ఎప్పుడూ పక్కింటి సాయిబుల అత్తే. నేనంటే ప్రాణం ఆవిడకు. సన్నటి గొంతు, మాటకు ముందు దగ్గు. ఆ గొంతు నేను అచ్చంగా దింపేస్తే అందరికంటే ముందు ఆవిడే పడీపడీ నవ్వేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఒక వేసవి మధ్యాహ్నం, నా వెనకే నడుస్తున్న అత్త తుమ్మచెట్టు కింద కూలబడింది. "నువ్వు పో బిడ్డా, ఎనకే వస్తా," అంది. నీళ్ల ముంత నా చేతిలోనే ఉంది. ఇచ్చి పోదామని తోచలేదు, పాడు బుద్ధి! కాళ్లు బొబ్బలెక్కుతున్నాయి, ఇల్లు చేరితే చాలనిపించింది. మలుపులో నాయనమ్మ కేక వేసింది. నిజం చెబితే అందరూ ఆ ఎండలో ఆగిపోతారు. ఒకసారి దగ్గి, అత్త గొంతుతో "నేనే, నా ఎనక ఎవురూ లేరు" అనేశాను. నెత్తిన కొంగులు కప్పుకుని తలలు వంచుకున్నవాళ్లెవరూ తిరిగి చూడలేదు.

ఊళ్లోకి రాగానే అత్త కూతురు "మా అమ్మేదే?" అని అడిగింది. నేను ఏడుస్తూ చెప్పేశాను. మగవాళ్లు మంచం ఎత్తుకుని పరుగెత్తారు. ఆ మంచం మీదే తెచ్చారు. వడదెబ్బకు ప్రాణం అప్పటికే పోయింది.

నాయనమ్మ నన్ను కొట్టలేదు. కొట్టినా బాగుండేది. నాలుగో రోజు గనికి బయల్దేరేటప్పుడు ముంత నా చేతికిచ్చి, "ఇయ్యాల్టి నుంచి చివర నువ్వే. ఎవురన్నా కూసుంటే నువ్వూ కూసో," అంది. మొదటి మలుపులో కేక వినబడింది. నేను ఆగి, వెనక్కి తిరిగి దారంతా చూశాను. అందరూ అలాగే నిలబడ్డారు, ఒక్కరూ కసరలేదు. చివరికి నా సొంత గొంతుతోనే చెప్పాను.

తరువాత బస్సులొచ్చాయి. ఎవరు ఎక్కారో, ఎవరు మిగిలిపోయారో అడిగే మనిషి లేకుండా పోయింది. ఈ వయసులోనూ నలుగురితో నడిస్తే నేను చివరే ఉంటాను, చేతిలో నీళ్లతో. మనవరాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనీ. నా వెనక ఎవరూ లేరన్న మాట, ఆగి తిరిగి చూడకుండా, ఇప్పటికీ నా నోట రాదు.